వేపాకు కింది చేతులు

వకీలు వీరసామి తన నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. అందువల్ల నా భార్య గురువమ్మాళ్ ముగ్గురిని మంటల్లో చంపిన మనిషిగానే చనిపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అది రెండువేల రెండు, మాసి నెల, ఫిబ్రవరి చివర. మేము తమిళనాట కోవిల్‌పట్టిలో ఉంటాం. నేను నూలు మిల్లులో పనిచేసేవాణ్ణి, ఆమె అగ్గిపెట్టెల ఆఫీసులో. మా వైపు ఆ కంపెనీలను ఆఫీసు అనే అంటారు. ఆమె పోయే ఆఫీసు విరుదునగర్ జిల్లాలో, సాత్తూరు దాటాక చేల మధ్య ఉండేది. పొద్దున్నే వ్యాను వచ్చి మా వీధి ఆడవాళ్లను ఎక్కించుకుపోయేది. పని మధ్యలో లేచి తిరుగుతారని మేనేజరు తలుపుకు బయట గడియ పెట్టించేవాడు.

ఒక మధ్యాహ్నం లోపల అంటుకుంది. గురువమ్మాళ్ తలుపు లోపలి వైపు అడ్డంగా ఉన్న ఇనుప పట్టె పట్టుకుని లాగింది. పట్టె అప్పటికే కాలిపోతూ ఉంది. బయట గడియ ఊడి పడేదాకా ఆమె చేతులు తియ్యలేదు. ఆ తలుపులోంచి చాలామంది బయటికి వచ్చారు. ముగ్గురు రాలేదు. ఆ ముగ్గురిలో ఒకతె సెల్వరాణి, మా ఎదురింటి వేలమ్మాళ్ కూతురు. మా ఇంట్లోనే పెరిగిందని చెప్పినా తప్పు లేదు.

మేనేజరు పోలీసులకు ఇంకో మాదిరి చెప్పాడు. గడియ లేనే లేదట. తలుపు తీసే ఉందట. గురువమ్మాళ్ పుల్లలు గుచ్చిన చెక్క చట్రాన్ని నేల మీద ఈడ్చిందట, ఆ రాపిడికి మంట లేచిందట. ఊడిన గడియ మర్నాటికి అక్కడ లేదు. బయటపడ్డ ఆడవాళ్లు అదే యజమాని ఇంకో ఆఫీసులో పనికి కుదిరారు. అడిగితే పొగలో ఏమీ కనబడలేదన్నారు. కేసు నా భార్య మీద రాశారు.

గురువమ్మాళ్ పుట్టిల్లు విరుదునగర్. ఆమె తమ్ముడు పొన్నయ్య అక్కడ పప్పు మిల్లులో మూటలు మోస్తాడు. అతనే మమ్మల్ని వీరసామి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయనది మిరపకాయల మండీ మీద మేడ గది. కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉడుకు. ఆయన చేతిగుడ్డ ముక్కుకు పెట్టుకునే మాట్లాడాడు. మా మాదిరే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. మాకు అది గొప్పగా అనిపించింది.

గురువమ్మాళ్ ఆస్పత్రి కట్టు విప్పి అరచేతులు చూపింది. రెండూ పక్కపక్కన పెడితే ఒకే గీత, రెండు వేళ్ల వెడల్పు, స్కేలు పెట్టి గీసినట్టు.

ఆయన చేతిగుడ్డ దించి, వంగి చూశాడు.

"ఇదే మన కేసు. తలుపు తీసిండింటే ఈమె పట్టె ఎందుకు పట్టుకుంటాది? పట్టె పట్టుకోకుంటే ఈ గీత యాడనుంచి వస్తాది? ఆస్పత్రి చీటీలో చేతులు కాలినాయని మాత్రం రాసిండారు, ఎట్లా కాలినాయో రాయలేదు. అందుకని జడ్జి కళ్లతో చూడాల. అందాకా ఎవురికీ చూపించొద్దమ్మా. ముందుగా తెలిస్తే వాళ్లు దీనికొక కథ కట్టుకుంటారు."

"వీధిలో అడిగితే?"

"ఏమీ చెప్పొద్దు. నేనూ ఏమీ చెప్పను. కోర్టులో ఉన్న కేసు గురించి వకీలు బయట నోరు తెరవరాదు. అది మా నియమం."

గురువమ్మాళ్ నా వైపు తిరిగి, "నోరు కట్టుకునేదానికా వకీలును పెట్టుకునేది?" అంది.

ఆయన నవ్వాడు. "కోర్టులో చూడమ్మా నా నోరు."

అప్పటినుంచి ఆమె రెండు చేతులకూ తువ్వాలు చుట్టుకుని తిరిగింది.

కోవిల్‌పట్టిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. వచ్చిన రోజు కొళాయి దగ్గర బిందెల వరస వీధి చివరిదాకా ఉంటుంది. గురువమ్మాళ్ నిండు బిందె ఎత్తలేదు కాబట్టి నేను కూడా పోయాను. వరసలో మా బిందె వేలమ్మాళ్ బిందె వెనక ఉంది. వేలమ్మాళ్ మా బిందెను కాలితో పక్కకు నెట్టింది.

"చేతికేమి వదినా, మూట కట్టుకోనుండావు?"

గురువమ్మాళ్ చేతులను కొంగు కిందికి లాక్కుంది.

"లోపల ఏమి దాచుకోనుండావు?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకుంటే విప్పు. అందరూ చూడనీ."

గురువమ్మాళ్ నా మొహం చూసింది. తర్వాత ఖాళీ బిందెను చంకలో ఇరికించుకుని ఇంటికి నడిచింది. వెనక ఎవరో, కాల్చిన చేతికి సిగ్గు ఉంటాదా అన్నారు. వేలమ్మాళ్ కాదు, ఇంకెవరో. వేలమ్మాళ్ ఏడుస్తూ బిందె కింద పెట్టి నీళ్లు పట్టుకుంటూ ఉంది.

ఆ రోజు ఇంట్లో గురువమ్మాళ్ ఒకే మాట అంది. "ఊరు ఏమన్నా అనుకోనీ. వేలమ్మాళ్‌కు మాత్రం తెలియాల. గడియ వేసి ఉండిందని, నేను లాగినానని."

నేను పోయి చెబుతానన్నాను. వకీలు వద్దన్నాడు కదా అని ఆమే నన్ను ఆపింది.

మార్చి నడుమ, పంగుని నెల పుట్టాక మా వీధి కేబుల్ టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. వేసవిలో మంటల గురించి జాగ్రత్తలు. ఫైర్ స్టేషన్ మనిషి ఒకరు, పక్కన మేనేజరు వకీలు సరవణకుమార్. తెల్ల చొక్కా, తడి దువ్విన తల. తమిళంలో చక్కగా మాట్లాడాడు.

"కోర్టులో ఉన్న విషయం గురించి వకీలు మాట్లాడకూడదు. నేను మాట్లాడను. సాధారణంగా చెబుతున్నాను. ఇంట్లో పొయ్యి చూసుకోవడం రాని ఆడది ఆఫీసుకు పోతే ఏమవుతుంది? పిల్లలను పోగొట్టుకున్న తల్లులను అడగండి."

అడిగేవాడు తల ఊపాడు. ఎవరి పేరూ రాలేదు, ఏ ఊరి పేరూ రాలేదు. కానీ మా వీధిలో ఇంటింటి టీవీ ఒక్కసారిగా పెంచినట్టు వినబడింది. ఎదురింట్లో వేలమ్మాళ్ టీవీ కూడా.

మర్నాడే నేను మిరపకాయల మేడ ఎక్కాను.

"ఆ సరవణకుమార్ టీవీలో మాట్లాడిండాడే సార్?"

"మాట్లాడలేదు చెల్లసామీ. క్యాసెట్టు తెప్పించి విన్నా. పేరు లేదు. కేసు లేదు. నేను పిటిషను వేస్తే, సాధారణంగా చెప్పినా అంటాడు."

"అయితే మీరూ సాధారణంగా చెప్పండి."

"ఏమని?"

"సాధారణంగా మేనేజర్లు తలుపుకు గడియ వేస్తారని."

ఆయన చేతిగుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు. "జడ్జి కూడా టీవీ ఉన్న ఇంట్లోనే ఉంటాడు. నేను ఒకటంటే వాడు రెండంటాడు. తీర్పు వీధిలో అయిపోతుంది. వీధిలో గెలిచేది ఎవరు, నువ్వా, మేనేజరా?"

 అది సరైన మాటే అనిపించింది. మెట్లు దిగేసరికి సరైనది కాదనిపించింది. బస్సులో మళ్లీ సరే అనిపించింది.

కేబుల్ వాళ్లు వీరసామిని కూడా అడిగారు. కోర్టు గేటు దగ్గర మైకు పెట్టారు. ఆయన దణ్ణం పెట్టి, "కేసు కోర్టులో ఉంది. నేను చెప్పడానికి ఏమీ లేదు" అన్నాడు. అంతే. ఆ ముక్కను వాళ్లు పాటల మధ్య, ప్రకటనల మధ్య వేస్తూనే ఉన్నారు. చెప్పడానికి ఏమీ లేదు, చెప్పడానికి ఏమీ లేదు.

మా వీధికి అర్థమైంది ఒకటే. ఆమె సొంత వకీలుకే చెప్పడానికి ఏమీ లేదు.

మిల్లులో పక్క మిషను ఇసక్కిపాండి టీ తాగుతూ అడిగాడు. "ఏమి చెల్లసామి అన్నా, మీ వకీలుకు పంటినొప్పా?" అందరూ నవ్వారు. అతను మంచివాడు, నన్ను నవ్వించాలనే అన్నాడు. నేను గ్లాసు కడిగి పెట్టి మిషను దగ్గరికి పోయాను.

విరుదునగర్‌లో పంగుని పొంగల్ వచ్చింది, మారియమ్మ జాతర. ఆ ఊరి ఆడపిల్లలు ఎక్కడికి మెట్టినా ఆ పండగకు మారియమ్మ దగ్గరికి వస్తారు. మొక్కుకున్నవాళ్లు మంటలు లేచే అగ్గిచట్టి చేతుల్లో పట్టుకుని వీధులు తిరుగుతారు. అరచేతికీ మట్టిచట్టికీ మధ్య గుప్పెడు వేపాకు, అంతే. నిజం ఉన్న చేతిని అమ్మ కాల్చదని అక్కడ పుట్టిన ప్రతి మనిషీ అంటాడు.

గురువమ్మాళ్ మొక్కుకుని, మణికట్టుకు పసుపు తాడు కట్టుకుని వచ్చి నా ముందు కూర్చుంది.

"చట్టి ఎత్తుతా."

"ఈ చేతులతోనా?"

"ఈ చేతులతోనే. ఇంకే చేతులుండాయి నాకు?"

పొన్నయ్య ఆమె పక్కనే నిలబడ్డాడు. "ఎత్తనీ బావా. అమ్మ ముందర అక్క చట్టి పడితే ఆ టీవీ వకీలు నోరు ఏమయితాది? ఊరంతా చూస్తాది. వేలమ్మాళ్ కూడా చూస్తాది."

"వకీలు చేతులు చూపించొద్దన్నాడే."

గురువమ్మాళ్ దానికి ముందే ఆలోచించి పెట్టుకుంది. "మాట్లాడొద్దన్నాడు, నేను మాట్లాడేది లేదు. చేతులు చూపించొద్దన్నాడు, వేపాకు కింద ఉంటాయి. ఎవురికి కనబడతాయి?"

అందులో తప్పేమిటో నాకు కనబడలేదు. పొన్నయ్యకూ కనబడలేదు. ఆ ఊళ్లో పుట్టిన ఎవరికీ కనబడి ఉండదు.

పసుపు చీర కట్టుకుని ఆమె వరసలో నడిచింది. నేను పక్కన నడిచాను. చట్టిలో కట్టెలు చిటపటలాడుతూ ఉన్నాయి. ఆమె మొహం మీద చెమట, ఒక్క ముడుత లేదు. మంట తర్వాత అంత శాంతంగా ఆమెను చూడటం అదే మొదలు. మేడ మీద నుంచి కేబుల్ వాళ్లు కెమెరా తిప్పుతూ ఉన్నారు. ఆ పండగను వాళ్లు మా కోవిల్‌పట్టిదాకా చూపిస్తారు.

బజారు మలుపులో వీరసామి నిలబడి ఉన్నాడు. ఆయన భార్య కూడా చట్టి ఎత్తింది, మాకంటే కొంచెం ముందు నడుస్తూ ఉంది. ఆమె కాళ్ల మీద పోయడానికి ఆయన చేతిలో పసుపునీళ్ల బిందె. భార్య కాళ్ల మీద పోశాడు, తల ఎత్తాడు, గురువమ్మాళ్‌ను చూశాడు.

ఆయన నోరు తెరుచుకుంది. నేను చూశాను. ఒక మాట వచ్చే నోరు అది.

తర్వాత ఆయన అటూ ఇటూ చూశాడు. నోరు మూసుకున్నాడు. వంగి గురువమ్మాళ్ కాళ్ల మీద కూడా పసుపునీళ్లు పోశాడు.

వకీలు సార్ కూడా మొక్కినాడని పొన్నయ్య సంబరపడ్డాడు.

గుడి దగ్గర చట్టి దించాక చేతులు చూశాను. కొత్త బొబ్బ ఒక్కటి లేదు. పాత గీత పాత గీతగానే ఉంది.

కోవిల్‌పట్టికి తిరిగి వచ్చిన పొద్దున మా గడప మీద నిండు బిందె ఉంది. అది వేలమ్మాళ్ బిందె, మూతి దగ్గర సొట్ట నాకు తెలుసు. ఆమె మాట్లాడలేదు, ఇంట్లోకి రాలేదు. నీళ్లు వచ్చిన ప్రతిసారీ బిందె వచ్చేది. గురువమ్మాళ్ ఆ నీళ్లు వేరుగా పెట్టి, తాగడానికి మాత్రం వాడింది. "తెలిసిపోయింది ఆమెకు" అనేది. "నోటితో చెప్పకనే తెలిసింది."

ఏప్రిల్ చివర, చిత్తిరై నెలలో కోర్టుకు పిలిచారు. సర్కారు వకీలుకు సాయంగా మేనేజరు తరఫున సరవణకుమార్ వచ్చాడు. వేలమ్మాళ్‌ను కూడా సాక్షిగా పిలిచారు, బెంచీ చివర కూర్చుంది. వీరసామి లేచి, ఈమె చేతులు అయ్యగారు చూడాలన్నాడు. గురువమ్మాళ్ తువ్వాలు విప్పింది. జడ్జి కళ్లద్దాలు సర్దుకుని, ముందుకు వంగి, నిదానంగా చూశాడు. శ్రద్ధగా చూసే మనిషే, ఆయన మీద నాకు కోపం లేదు.

సరవణకుమార్ సంచిలోంచి ఒక క్యాసెట్టు తీశాడు. పంగుని పొంగల్‌ది.

అతను గొంతు పెంచలేదు. "ఈ చేతులు నెల కిందట అగ్గిచట్టి ఎత్తినవి. ఊరంతా చూసింది. ఈ గీత తలుపుదా, చట్టిదా, ఎవరు చెప్పగలరు? చట్టి కాల్చలేదని వీళ్లు అంటారు. నిప్పు పట్టుకుంటే కాలదని కోర్టులో ఎలా రాసుకోవాలి? నేనూ భక్తుణ్ణే. కానీ అమ్మవారిని సాక్షిగా పిలవలేం."

కొందరు నవ్వారు. వీరసామి నిలబడి ఉన్నాడు. ఆయన భార్య అదే రోజు అదే నిప్పు పట్టింది, చేయి కాలలేదు. ఆయనకు తెలుసు. అది చెప్పే చోటు కాదు. చట్టికి గీత పడదని, గుండ్రంగా మరక పడుతుందని ఏదో అన్నాడు. వేపాకు అడ్డం ఉంటే ఎలా పడుతుందో తమరు చూశారా అని అవతలివాడు అడిగాడు. మాట అక్కడ చిక్కుకుంది.

జడ్జి డాక్టరును పిలిపిద్దామన్నాడు. సెలవుల తర్వాత చూద్దామన్నాడు. రెండు వైపుల వకీళ్లూ ఈ విషయం బయట ఎక్కడా మాట్లాడకూడదన్నాడు. వీరసామి అందరికంటే ముందు తల వంచాడు.

వేలమ్మాళ్ బెంచీ మీదినుంచి లేచి మమ్మల్ని చూడకుండా బయటికి పోయింది.

గేటు బయట నేను వకీలును పట్టుకున్నాను.

"మలుపులో చూసిండారు. ఎందుకు ఆపలేదు?"

"వీధిలో ఎట్లా చెప్పేది చెల్లసామీ? నా పక్కన నిలబడిండింది ఎవరనుకున్నావు, మేనేజరు బావమరిది. చట్టి దించమ్మా, ఆ చేతులే మన సాక్ష్యం అని వాడి ముందర చెప్పేదా? కేసు వీధిలో విప్పినట్టే కదా?"

"చెవిలో చెప్పొచ్చే."

"అప్పటికే ఆమె చేతుల్లో చట్టి ఉండాది."

ఇది సరైన మాటా కాదా, ఇప్పటికీ నాకు తెలియదు. ఎన్నోసార్లు ఆ మలుపులో ఆయన స్థానంలో నన్ను నిలబెట్టి చూశాను. ఒకసారి అరుస్తాను, ఒకసారి అరవను. అమ్మ ఆమె చేతులు కాపాడింది. కాపాడినందుకే ఆ చేతులు కోర్టులో పనికిరాకుండా పోయాయి. కాలి ఉంటే? కాలినా చట్టి గీతే అనేవాళ్లు. ఎటు తిప్పినా అదే.

బిందె రావడం ఆగిపోయింది.

కోర్టుకు వేసవి సెలవులు. గురువమ్మాళ్‌కు దగ్గు ఎక్కువైంది. లోపల పొగ పట్టిందని డాక్టరన్నాడు. కూర్చుంటే ఎదురింటి తలుపు కనబడేచోట కూర్చునేది. తువ్వాలు కట్టడం మానేసింది. అరచేతులు ఒళ్లో తెరిచి పెట్టుకుని ఉండేది. వేలమ్మాళ్ బయటికి వచ్చేది, ముగ్గు వేసేది, తల దించుకునే లోపలికి పోయేది. ఒక సాయంత్రం గురువమ్మాళ్, "నేనే పోయి చూపిస్తా" అంది. లేచింది. గడప దగ్గర దగ్గు వచ్చి కూర్చుండిపోయింది.

జూలైలో, ఆడి నెల గాలి మొదలైన వారంలో గురువమ్మాళ్ పోయింది. మా వాళ్లు కాల్చాలన్నారు. నేను ఒప్పుకోలేదు, పూడ్చాం.

పదహారో రోజు కర్మకు వీరసామి భార్యతో కలిసి వచ్చాడు. పందిట్లో కూర్చున్నాడు. వీధి జనం ఉన్నారు. పొన్నయ్య కాఫీ ఇచ్చాడు. ఆయన తాగకుండా గ్లాసు పట్టుకునే అన్నాడు.

"ఆమెతో కేసు పోయింది చెల్లసామీ. చనిపోయిన మనిషి మీద కేసు నడవదు. తీర్పు లేదు, ఏమీ లేదు. ఇప్పుడు నన్ను ఆపేది ఏదీ లేదు. నువ్వు సరేనంటే ఇప్పుడే, ఈడనే, అందరి ముందర చెప్తా. గడియ సంగతి, చేతుల సంగతి, అన్నీ. కేబుల్లో కూడా చెప్తా."

 వేలమ్మాళ్ మా గడప దాకా వచ్చింది. అన్ని నెలల్లో అంత దగ్గరికి రావడం అదే.

"చెప్పమను అన్నా. తలుపుకు గడియ ఉండిందా? వదిన లాగిందా? నా కూతురు ఆడ ఎట్లా పోయిందో నాకు తెలియాల. ఎవురూ చెప్పేది లేదే అన్నా."

 అడగడానికి ఆమెకు హక్కు ఉంది. పిల్లను పోగొట్టుకున్నది ఆమె. అది నాకు తెలుసు. కానీ గురువమ్మాళ్ చేతులు తెరిచి పెట్టుకుని కూర్చున్నన్నాళ్లూ ఆమె ఈ గడప దాకా రాలేదు.

"కేసు కోర్టులో ఉండాది. బయట మాట్లాడరాదు" అన్నాను.

"కేసు లేదయ్యా" అన్నాడు వీరసామి.

"నాకు ఉండాది. కాఫీ తాగి పోండి సార్."

 నేను సరే అనలేదు కాబట్టి ఆయన ఏమీ చెప్పలేదు. అప్పుడు కూడా నియమం తప్పలేదు. గ్లాసు కింద పెట్టి, భార్యను లేపి, వెళ్లిపోయాడు.

వేలమ్మాళ్ అక్కడే నిలబడింది. నేను తలుపు వేసి గడియ పెట్టాను.

ఆమె ఇంకా ఎదురింట్లోనే ఉంది. నీళ్లు వచ్చిన రోజు వరసలో నా వెనక బిందె పెట్టి, అన్నా అని మొదలుపెడుతుంది. నేను బిందె ఎత్తుకుని వచ్చేస్తాను. ఇక్కడ చెప్పింది ఒక్కసారికే చెప్పాను. ఆమె అడిగినా, వకీలు అడిగినా, పొన్నయ్యే అడిగినా, ఈ విషయం ఇక నా నోట రాదు.